తప్పు బల్బుది కాదు... జాయింటుది!

'చీకటి రాకుమారుడు'... పాతకాలపు బ్రిటిష్ మోటార్‌సైకిళ్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు లూకాస్ కంపెనీకి పెట్టిన పేరది. బర్మింగ్‌హామ్‌లో జోసెఫ్ లూకాస్ మొదలుపెట్టిన ఆ సంస్థ ఒకప్పుడు తన సైకిలు దీపాలకు పెట్టుకున్న పేరేమో 'కింగ్ ఆఫ్ ది రోడ్'! ట్రయంఫ్, బీఎస్ఏ, నార్టన్... పేరున్న బళ్లలో చాలావాటికి డైనమో, స్విచ్, హెడ్‌లైటు లూకాస్‌వే. అందుకే దారిలో దీపం ఆరిపోయిన ప్రతిసారీ నిందా దానికే. హెడ్‌లైటు స్విచ్‌కి మూడే స్థానాలట... మసక, మినుకు, చీకటి!

జోకు బాగానే ఉంది. కానీ అరవై ఏళ్లు దాటిన బండి విషయంలో అసలు దోషి వేరే. వైరు మధ్యలో రాగికి సాధారణంగా ఏమీ కాదు. వైరూ వైరూ కలిసేచోటే తడి చేరుతుంది, చిలుము పడుతుంది. అందుకే చెయ్యి తిరిగిన మెకానిక్ రాగానే కొత్త బ్యాటరీ, కొత్త బల్బు కొనిపించడు. కరెంటు ఏ దారిన వెళ్లి ఏ దారిన తిరిగొస్తోందో చూస్తాడు.

ఎరుపంటే ఎర్త్!

మొదటి చిక్కు ఇక్కడే. ఇప్పటి బళ్లలో బ్యాటరీ మైనస్‌ని ఫ్రేముకి కలుపుతారు. 1970ల వరకూ వచ్చిన బ్రిటిష్ బళ్లలో చాలావాటికి ప్లస్‌ని కలిపేవారు. అలవాటు కొద్దీ బ్యాటరీని తిరగేసి బిగిస్తే, ఆల్టర్నేటర్ ఉన్న బండిలో రెక్టిఫయర్ కాలిపోవచ్చు. రంగులూ అంతే. ఆ బళ్లలో ఎర్ర వైరు కరెంటు తెచ్చేది కాదు, ఎర్త్‌ది. స్విచ్ నుంచి ఇగ్నిషన్‌కు వెళ్లేది తెలుపు, హెడ్‌లైటుకు వెళ్లేది నీలం. కాబట్టి వైరు ముట్టుకునేముందు ఆ మోడల్ వైరింగ్ పటం పక్కన ఉండాల్సిందే.

ఆ తర్వాత చూడాల్సింది ఇంజిన్‌కి నిప్పురవ్వ ఎక్కణ్నుంచి వస్తోందన్నది. 1959లో ట్రయంఫ్ బానెవిల్ వచ్చినప్పుడు దానికి మాగ్నెటో ఉండేది. మాగ్నెటోకు బ్యాటరీతో పనిలేదు. ఇంజిన్ చక్కగా నడుస్తూ దీపాలు మాత్రం వెలగకపోతే మాగ్నెటో జోలికే వెళ్లనక్కర్లేదు. 1963 మోడల్ నుంచి అదే బండికి కాయిల్ ఇగ్నిషన్ వచ్చింది. అక్కడ ఒక్క జాయింటు వదులైతే దీపమూ ఇంజినూ కలిసే ఆగిపోవచ్చు.

సగానికి సగం

మల్టీమీటరుంటే వెతకడం తేలిక. హెడ్‌లైటు వేసి ఉంచి, మీటరు ఒక కొసను బ్యాటరీ నుంచి కరెంటు వెళ్లే టెర్మినల్ మీద, రెండోదాన్ని బల్బు దగ్గర కరెంటు అందేచోట పెట్టాలి. మధ్యలో దారి శుభ్రంగా ఉంటే రీడింగ్ సున్నాకి దగ్గరగా ఉంటుంది. ఒకటిన్నర, రెండు వోల్టులు చూపిస్తోందా? అంత కరెంటూ దారిలోనే ఏదో జాయింటును వేడి చేయడానికి ఖర్చవుతోందన్నమాట. అప్పుడు రెండో కొసను స్విచ్ దగ్గరికి జరపాలి. రీడింగ్ అలాగే ఉంటే లోపం బ్యాటరీకీ స్విచ్‌కీ మధ్య. తగ్గిపోతే స్విచ్‌లోనో దాని అవతలో. ఇలా సగానికి సగం తగ్గించుకుంటూ పోతే నాలుగైదు కొలతల్లో దొంగ దొరుకుతాడు.

తిరుగుదారినీ ఇలాగే కొలవాలి. చాలామంది మరిచిపోయేది దీన్నే. కరెంటు బల్బు నుంచి ఫ్రేము మీదుగా వెనక్కి రావాలి. ముచ్చటపడి ఫ్రేముకి దట్టంగా కొత్త రంగు వేయిస్తే ఆ రంగే అడ్డుగోడ అవుతుంది. హ్యాండిల్ తిరిగే బేరింగుల్లోని గ్రీజు కూడా అంతే. వైరు కలిసేచోట రంగు గీకి, హెడ్‌లైటు నుంచి బ్యాటరీ దాకా విడిగా ఓ ఎర్త్ వైరు వేస్తే ఈ బెడద తీరుతుంది.

రెండు వోల్టులకే ఇంత హడావుడా అనుకోవద్దు. మామూలు ఫిలమెంట్ బల్బుకు అందే వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పడిపోతుంది. రాత్రిపూట ఎదురుగా లారీ వస్తున్నప్పుడు ఆ తేడా విలువెంతో తెలుస్తుంది.

హ్యాండిల్ తిప్పినప్పుడే దీపం ఆరిపోతుంటే? ఏళ్ల తరబడి అటూఇటూ వంగి, పైతొడుగు బాగానే ఉన్నా లోపల రాగి పోగులు తెగి ఉంటాయి. ఇంజిన్ ఆపి, దీపం వేసి, హ్యాండిల్‌ని ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పి చూస్తే బయటపడుతుంది.

ఫ్యూజు పోతూనే ఉంటే...

ఆ బళ్లలో చాలావాటికి ఒక్కటే ఫ్యూజు. కొన్నింటికి అదీ ఉండదు. పోయిన ప్రతిసారీ సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి నడిపేవాళ్లున్నారు. పెట్రోలు ట్యాంకు కిందుగా వెళ్లే వైర్లు వేడెక్కితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. దీనికో పాత చిట్కా ఉంది. స్విచ్‌లన్నీ ఆపేసి, ఫ్యూజు ఉండేచోట ఓ హెడ్‌లైటు బల్బును కలపాలి. అది ధగధగా వెలిగిందంటే ఎక్కడో వైరు ఫ్రేముకి తగులుతోందన్నమాట. ఒక్కో వైరూ విప్పుతూ పోతే, ఏది విప్పినప్పుడు బల్బు ఆరిపోతుందో దోషి ఆ దారిలోనే ఉంటుంది. ఫ్యూజులు కాల్చే పని లేదు, మంటల భయమూ తక్కువ.

ఈ విద్య బ్రిటన్ వాళ్లకే కాదు, మనకూ పనికొస్తుంది. 1955లో రెడిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టాయి. అలా మద్రాసులో మొదలైన బుల్లెట్ పుట్టిల్లు బ్రిటనే. తాతగారి నాటి బుల్లెట్ ఉన్న ఇళ్లు తెలుగునాట తక్కువేం కాదు. దాని హెడ్‌లైటు పైన చిన్న ఆమ్మీటరు ఉంటుంది. స్విచ్‌లన్నీ ఆపినా దాని ముల్లు మైనస్ వైపే వాలి ఉంటే బ్యాటరీ ఎక్కడికో కారిపోతున్నట్టే. అలాంటప్పుడు ముందుగా బ్యాటరీ వైరు విప్పాలి. ఆ తర్వాత కొనాల్సింది కొత్త బల్బు కాదు... జాయింట్లు రుద్దడానికి ఓ ఎమరీ పేపరు ముక్క!