మంచు కొండ మీద ఉద్యోగం సరే, కొండ ఎవరిది?



మొన్న హోటల్ మేనేజ్‌మెంట్ చదివే తమ్ముడొకడు అడిగాడు: "అన్నా, అమెరికాలో స్కీ రిసార్టు కంపెనీల్లో పని ఎలా ఉంటదంటావ్?" మాలో ఎవరమూ మంచు మీద జారినోళ్ళం కాదు. కానీ సంక్రాంతి సీజన్‌లో అరకు, లంబసింగి వైపు టెంట్లు వేసినోళ్ళం, తెల్లారుజామున టూరిస్టులకి టీలు మోసినోళ్ళం ఉన్నాం. అందుకే కూర్చుని తెలుసుకున్నాం. తెలిసింది రాస్తున్నాం, దానిపై మా అభిప్రాయం కూడా.

స్కీ రిసార్టు అంటే ఒక కొండ మొత్తం. జనం కుర్చీలాంటి లిఫ్టు ఎక్కి పైకెళ్తారు, కాళ్ళకి పొడుగాటి పలకలు కట్టుకుని కిందికి జారతారు. లిఫ్టు దగ్గర నిలబడేవాడు రోజంతా చలిలో ఎక్కించాలి, దించాలి, చిన్న పిల్లలొస్తే వేగం తగ్గించాలి, మధ్యలో పార పట్టి మంచు తియ్యాలి. రాత్రంతా యంత్రాలతో మంచు చదును చేసేవాళ్ళు వేరే. అందరికన్నా కష్టం స్కీ పెట్రోల్ వాళ్ళది. టూరిస్టులు రాకముందే పైకెళ్ళి, మంచు చరియలు జనం మీద పడకుండా పేలుడు పదార్థాలతో ముందే కూల్చేస్తారు. కాలు విరిగినోణ్ణి స్లెడ్డు మీద పడుకోబెట్టి కిందికి తెస్తారు.

ఇంత పనికి జీతం? యూటాలోని పార్క్ సిటీలో పెట్రోల్ వాళ్ళకి 2024లో మొదలు జీతం గంటకి 21 డాలర్లు ఉండేది. మనకి పెద్ద మొత్తంలా కనిపిస్తది. కానీ ఆ ఊళ్ళో ధనవంతులు సెలవుల ఇళ్ళు కొనుక్కుని అద్దెలు ఆకాశానికి ఎక్కించారు. ఇలాంటి ఊళ్ళలో పనివాళ్ళు ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుంటారు, కొందరు కార్లోనే పడుకుంటారు. 2024 డిసెంబర్ 27న, సరిగ్గా సీజన్ నడుమ, సుమారు 200 మంది పెట్రోలర్లు సమ్మెకి దిగారు. క్రిస్మస్, న్యూ ఇయర్ సెలవుల్లో కొండ చాలా భాగం మూతపడింది, లిఫ్టుల దగ్గర పొడుగాటి క్యూలు. 2025 జనవరి 8 నాటికి ఒప్పందం కుదిరింది, మొదలు జీతం 23 అయింది. వాళ్ళకి యూనియన్ ఉంది, సీజన్ ఎప్పుడో తెలుసు. మేం పనిచేసిన చోట మాకు ఆ రెండోది మాత్రమే తెలుసు!

పెరూ, అర్జెంటీనా నుంచి కాలేజీ పిల్లలు కూడా తాత్కాలిక వీసా మీద ఈ పనికి వస్తారు. మన శీతాకాలం వాళ్ళకి వేసవి సెలవులు కదా. విమాన చార్జీలు, ఏజెన్సీ ఫీజులు ముందే కట్టాలి. మంచు పడక షిఫ్టులు తగ్గితే అప్పు మిగులుతుంది.

అయితే మమ్మల్ని ఆపేసింది ఇది కాదు, అక్కడి ఆదివాసుల సంగతి. న్యూ మెక్సికోలో సియెర్రా బ్లాంకా మెస్కలెరో అపాచీలకి పవిత్ర పర్వతం. అక్కడ 'స్కీ అపాచీ' రిసార్టుని 1960ల నుంచి నడిపేది ఆ తెగే. అంటే అక్కడ యజమాని తెగ కౌన్సిల్! చదవగానే చప్పట్లు కొట్టాలనిపించింది. తీరా చూస్తే స్కీ చేసే వాలు ఫెడరల్ అటవీ భూమి, తెగ లీజుకి తీసుకుంది. రిజర్వేషన్ బయటి భూమి కాబట్టి ఆ రిసార్టు ఆదాయం మీద రాష్ట్రం పన్ను వెయ్యొచ్చని 1973లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అరిజోనాలో వైట్ మౌంటెన్ అపాచీలు మాత్రం తమ రిజర్వేషన్‌లోనే 'సన్‌రైజ్ పార్క్' నడుపుతున్నారు.

అదే అరిజోనాలో ఇంకో కొండ కథ వేరు. శాన్ ఫ్రాన్సిస్కో శిఖరాలు నవాహో, హోపీ సహా 13 తెగలకి పవిత్రం. అటవీ శాఖ భూమి అని అక్కడ ప్రైవేటు కంపెనీ స్కీ రిసార్టు నడుపుతోంది. ఊరి మురుగునీటిని శుద్ధి చేసి, దాంతో కృత్రిమ మంచు తయారుచేస్తామంటే తెగలు కోర్టుకెళ్ళాయి. 2008లో ఓడిపోయాయి. ఇప్పుడు ఆ మంచే కురిపిస్తున్నారు. దేవుడి కొండ మీద ఆ నీళ్ళు! అక్కడ మన పిల్లలకి ఉద్యోగాలిస్తామంటే ఏం చెప్తాం?

మన దగ్గర 1/70 చట్టం ఉంది. ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు. గనుల లీజు విషయంలో ప్రభుత్వానికీ అదే వర్తిస్తుందని 1997 సమత తీర్పు చెప్పింది. అయినా మనోడి పేరు మీద కాగితం, వేరేవాళ్ళ పెట్టుబడితో టెంట్లు, మనోడికి నెల జీతం, మన అక్కాచెల్లెళ్ళకి సాయంత్రం థింసా ఆడినందుకు తలా ఇంత. మేం పనిచేసిన చోట లెక్కల పుస్తకం మాలో ఒక్కరూ చూడలేదు. అడగాలని కూడా తోచలేదు, అది మా తప్పే.

తమ్ముడూ, ఉద్యోగానికెళ్ళు, మేం వద్దనం. లిఫ్టు యంత్రం, ప్రథమ చికిత్స, బుకింగు, లెక్కలు అన్నీ నేర్చుకో. కానీ ఊళ్ళోకి వచ్చి "మీ వాళ్ళకి 50 ఉద్యోగాలిస్తాం" అనే పెద్దమనిషిని మాత్రం 50 గురించి అడక్కు. లీజు ఎవరి పేరు మీద, ఎన్నేళ్ళకి, సీజన్ అయిపోయాక జీతం ఉంటదా, గ్రామసభ తీర్మానం ఏది, ఇవి అడుగు. గ్రామసభ కాగితం ఎలా చదవాలో తెలిసిన అన్నలు, అక్కలు కింద కామెంట్లలో చెప్పండి. వచ్చే సీజన్‌కి ఇంకా టైం ఉంది.