పెట్టె మీద 4.6... తెర మీద 3.7!

ప్రాసెసర్ ఒక షాపులో, మదర్‌బోర్డు ఇంకో షాపులో బేరమాడి కొనుక్కొచ్చి, ఇంట్లోనే కంప్యూటర్ బిగించుకునే కుర్రాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లాంటి చోట్ల కొడుకు జాబితా చదువుతుంటే తండ్రి డబ్బులు లెక్కపెడుతూ కనిపిస్తాడు. తీరా అన్నీ కుదిరి తెర వెలిగాక కుర్రాడు చేసే మొదటి పని... ప్రాసెసర్ వేగం చూసుకోవడం. అక్కడే గుండె జారుతుంది. పెట్టె మీద 4.6 గిగాహెర్ట్జ్ అని ఉంది. తెర మీదేమో 3.7!

'తక్కువ రకం అంటగట్టాడు, పద షాపుకి' అని తండ్రి. 'నేనే ఏదో తప్పుగా బిగించానేమో' అని కొడుకు. ఇంకో రెండువేలు పెట్టి పెద్ద కూలర్ కొంటే సరిపోతుందని పక్కింటి సలహా. చాలాసార్లు ఈ మూడింట్లో ఏదీ నిజం కాదు. ప్రాసెసర్ మంచిదే, బిగింపూ సరైనదే. చూసిన చోటే తప్పు.

ఉదాహరణకి 2020 నవంబరులో వచ్చిన ఏఎండీ రైజెన్ 5 5600ఎక్స్‌నే తీసుకుందాం. దీని బేస్ వేగం 3.7, బూస్ట్ వేగం 4.6 గిగాహెర్ట్జ్. విండోస్‌లో కంప్యూటర్ వివరాలు చూపే పేజీ తెరిస్తే ప్రాసెసర్ పేరు పక్కన 3.70 అనే ఉంటుంది. అది పేరులో భాగం లాంటిది, ఎన్నిసార్లు చూసినా మారదు. టాస్క్ మేనేజర్‌లో 'బేస్ స్పీడ్' అని రాసి ఉండేదీ అంతే. పరిగెత్తే వేగం కావాలంటే అదే టాస్క్ మేనేజర్‌లో 'స్పీడ్' అని పెద్ద అక్షరాల్లో మారుతూ ఉండే అంకెను చూడాలి. అదైనా అన్ని కోర్లకూ కలిపి చూపే ఒక్క అంకె కాబట్టి పూర్తి కథ చెప్పదు.

ఇంతకీ ఈ రెండు వేగాలెందుకు? కొత్త బైకు కొన్నవాళ్లకి ఈ సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. కంపెనీ చెప్పే మైలేజీ ఖాళీ రోడ్డు మీద, ఒక్క మనిషితో, సమంగా నడిపితే వచ్చేది. ముగ్గురు ఎక్కి ఘాట్ రోడ్డు మీద వెళ్తూ అదే మైలేజీ రాలేదంటే ఎలా? పెట్టె మీది 4.6 కూడా అలాంటిదే. ఒక్క కోర్ మీద, కాసేపు పడే పని ఉన్నప్పుడు అందుకోగల గరిష్ఠ వేగం అది. ఆరు కోర్లూ గంటల తరబడి ఆ వేగంతో నడుస్తాయని కంపెనీ ఎక్కడా మాటివ్వలేదు. ఏఎండీ తన షరతుల్లో ఇంకో మాట కూడా చేర్చింది. కూలర్ కింద రాసే పేస్టు, చల్లబరిచే ఏర్పాటు, మదర్‌బోర్డు, దాని బయోస్, విండోస్ అప్‌డేట్లు... వీటన్నిటినిబట్టీ బూస్ట్ మారుతుందట. ఆ షరతులు చిన్న అక్షరాల్లో, 4.6 మాత్రం పెద్ద అక్షరాల్లో. అమ్మేవాడి తీరు ఎక్కడైనా ఒకటే మరి!

అసలు బూస్ట్ పుట్టిందే వేడి వల్ల. 2000 నాటికి 1 గిగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్లు ఏటా వేగం పెంచుకుంటూ పోయాయి. 2004లో ఇంటెల్ పెంటియమ్ 4 వేగం 3.8 దగ్గర ఆగింది. 4 గిగాహెర్ట్జ్‌ది తెస్తామని చెప్పి, ఆ ఏడాదే ఆ ఆలోచన మానుకుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి, వోల్టేజీ పెరిగితే దాని వర్గం లెక్కన కరెంటు ఖర్చవుతుంది. వేగం, వోల్టేజీ రెండూ పది శాతం పెరిగితే ఖర్చు 33 శాతం పెరుగుతుంది. ఖర్చయిన కరెంటంతా చివరికి వేడే. అందుకే ఒక్క కోర్‌ని పరిగెత్తించడం మాని, ఎక్కువ కోర్లు పెట్టడం మొదలైంది. అయితే వాటిలో సగం ఖాళీగా ఉన్నప్పుడు మిగిలిపోయే కరెంటు వాటా సంగతేంటి? పనిచేస్తున్న కోర్‌కి అది ఇచ్చేస్తే పోలా! 2008లో కోర్ ఐ7తో ఇంటెల్ తెచ్చిన టర్బో బూస్ట్, 2010లో ఏఎండీ తెచ్చిన టర్బో కోర్ వెనకున్న ఆలోచన ఇదే.

(పాతకాలం కంప్యూటర్ల ముందువైపు 'టర్బో' అని ఓ మీట ఉండేది, గుర్తుందా? పేరుకి టర్బోయేగానీ దాని అసలు పని వేగం తగ్గించడం. పాత ఆటలు కొత్త యంత్రాల మీద మరీ దూకుడుగా నడిస్తే దాన్ని నొక్కి కళ్లెం వేసేవారు.)

మేడ మీది నీళ్ల ట్యాంకు కింద ఒక్క కుళాయి తిప్పితే నీళ్లు ధారగా పడతాయి. ఆరూ తిప్పితే ధార సన్నబడుతుంది. 5600ఎక్స్‌ని 65 వాట్ల ప్రాసెసర్ అంటారు. మామూలు అమరికలో అది తీసుకోగలిగే గరిష్ఠం 76 వాట్లు. ఒక్క కోర్‌కే పనుంటే ఆ వాటాలో 4.6 అందుకోవడం తేలికే. వీడియో మార్చడంలాంటి పనిలో ఆరు కోర్లూ ఒకేసారి దిగితే చాలావాటిలో వేగం 4.3కి కాస్త అటూ ఇటూ స్థిరపడుతుంది. అది బేస్ కన్నా చాలా ఎక్కువే! ఇంటెల్ కోర్ ఐ5-12400 కథా ఇంతే. బేస్ 2.5, బూస్ట్ 4.4. ఆరు కోర్లూ కలిసి పనిచేస్తే 4.0. కాకపోతే ఇది బేస్ దగ్గర 65 వాట్లతో సరిపెట్టుకున్నా, బూస్ట్‌లో 117 వాట్ల దాకా అడుగుతుంది. చవక మదర్‌బోర్డు అంత ఇవ్వనంటే వేగం దిగాల్సిందే. ప్రాసెసర్ మీద వేలు పోసి, బోర్డు దగ్గర వందలు మిగుల్చుకునే బేరం అందుకే నష్టం.

ఇక మన ఎండలు. కూలర్ ఎంత మంచిదైనా గదిలో గాలికన్నా చల్లగా చేయలేదు. ఏసీ గదిలో 24 డిగ్రీలుంటే, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం గది 40 డిగ్రీలుంటే, ఆ తేడా దాదాపు అలాగే ప్రాసెసర్ మీదికీ చేరుతుంది. 5600ఎక్స్‌కి 95 డిగ్రీలు హద్దు. అది దగ్గరపడేకొద్దీ వేగం తనంతట తనే తగ్గించుకుంటుంది. కాలిపోదు, నెమ్మదిస్తుంది. క్యాబినెట్‌ని కంప్యూటర్ టేబుల్ అరలో తోసి, తలుపు వేసి, పైన ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పే ఇళ్లలో పెద్ద కూలర్ కొనేముందు ఆ తలుపు తీసి చూడటం మంచిది. ఖర్చు లేదు.

అలాగని కొన్నవాళ్ల అనుమానం ప్రతిసారీ ఉత్తదే అనుకోనక్కర్లేదు. 2019 జులైలో వచ్చిన రైజెన్ 3000 వరుస ప్రాసెసర్లు చెప్పిన బూస్ట్ అందుకోవడం లేదని చాలామంది గోల పెట్టారు. మొదట్లో 'మీ కూలర్ సరిలేదు' అన్న సమాధానాలే ఎదురయ్యాయి. చివరికి ఆ సెప్టెంబరులో ఏఎండీయే తమ ఫర్మ్‌వేర్‌లో లోపం ఉందని ఒప్పుకుని, సవరించిన బయోస్ విడుదల చేయించింది. దాంతో పెరిగింది 25 నుంచి 50 మెగాహెర్ట్జ్. అంటే ఒక శాతం అటూ ఇటూ! వాడేవాళ్లకి చేతికి తెలిసే తేడా కాదు. అయినా అడిగినవాళ్లది తప్పు కాదు, చెప్పిన అంకె అందాల్సిందే.

కాబట్టి అనుమానముంటే పరీక్ష పెట్టుకోవచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఒక్కో కోర్ వేగాన్నీ, వేడినీ విడివిడిగా చూపిస్తుంది. అది తెరిచి ఉంచి, సినీబెంచ్‌లో ఒక్క కోర్ పరీక్ష నడపాలి. గరిష్ఠ వేగం చూపే గడిలో ఏదో ఒక కోర్ దగ్గర 4.6 లేదా దానికి చాలా దగ్గరి అంకె ఒక్క క్షణం కనిపించినా ప్రాసెసర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. తర్వాత అన్ని కోర్ల పరీక్ష పది నిమిషాలు. వేడి నిమిషంలోనే 90 దాటితే వేలెత్తి చూపాల్సింది కూలర్ బిగింపునే. కూలర్ అడుగున అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండానే బిగించేవాళ్లున్నారు. ఇంటెల్ కూలర్‌కి ఉండే నాలుగు పిన్నుల్లో ఒకటి సరిగ్గా దిగకపోయినా ఇదే పరిస్థితి.

వేడి మామూలుగానే ఉండి, ఒక్క కోర్ పరీక్షలో కూడా వేగం 3.7 దగ్గరే అతుక్కుపోతే మాత్రం రెండు చోట్ల చూడాలి. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 100 శాతం ఉందా? దాన్ని 99కి తగ్గించినా చాలా కంప్యూటర్లలో బూస్ట్ ఆగిపోతుంది. బయోస్‌లో 'కోర్ పెర్ఫార్మెన్స్ బూస్ట్' ఆపేసి ఉందా? ఇంటెల్ అయితే 'టర్బో' అని ఉంటుంది. ఇవి సరిచేసి, బయోస్ కొత్తది వేశాక కూడా మార్పు లేకపోతే అప్పుడు షాపుకి వెళ్లొచ్చు. పెట్టెలో వచ్చే ప్రాసెసర్లకు సాధారణంగా 3 ఏళ్ల వారంటీ ఉంటుంది. ఈలోగా ఎవరో చెప్పారని ఓవర్‌క్లాకింగ్ జోలికి వెళ్తే, దానివల్ల జరిగే నష్టం వారంటీ కిందికి రాదు. వెళ్లేటప్పుడు బిల్లుతోపాటు, పరీక్ష నడుస్తుండగా వేగం, వేడి, వాట్లు మూడూ కనిపించేలా తెరని ఫోన్‌లో ఫొటో తీసి పట్టుకెళ్తే, కౌంటర్ దగ్గర వాదనకు కూర్చోవాల్సిన పని ఉండదు.