వెనక సీటు కొలతలు

కారు సంగతులు ఆడవాళ్ళకి అర్థం కావని మన మగవాళ్ళకో గట్టి నమ్మకం. సీటు కవర్ల రంగు, అద్దం ముందు వేలాడే వినాయకుడు, ఆయుధపూజ నాడు నిమ్మకాయలు. అంతవరకే మన శాఖ! బానెట్ ఎత్తారంటే చాలు, "నువ్వు లోపలికెళ్ళి టీ సంగతి చూడు" అంటారు. పోనీ, ఇంజను సంగతి వాళ్ళకే వదిలేద్దాం. కారు కిందుండే స్ప్రింగుల విషయంలో మాత్రం నేను ఛస్తే ఒప్పుకోను.

ఎందుకంటారా? నడిపేవాడు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య హాయిగా కూర్చుంటాడు. చేతిలో స్టీరింగు ఉంటుంది. గుంత వస్తోందని ముందే తెలుస్తుంది, నడుం బిగించుకుంటాడు. వెనక ఇరుసు దగ్గర కూర్చునేదెవరు? ఒళ్ళో చంటిపిల్ల, కాళ్ళ దగ్గర ఆవకాయ జాడీ, పక్కన కునికిపాట్లు పడే అత్తగారు, వీళ్ళందరితో మనం. గుంత సంగతి అందులో పడ్డాకగానీ మనకి తెలీదు. ఇప్పుడు మనలో చాలామంది స్టీరింగు పట్టారు, నిజమే. అయినా ఊరి ప్రయాణమనేసరికి ఎక్కడ కూర్చుంటున్నామో ఎవరికి వాళ్ళే చూసుకోండి.

ఇప్పుడీ గొడవ ఎందుకొచ్చిందంటే, సూర్యాపేటలో మా ఆడబిడ్డ కొడుకు తాతగారి అంబాసిడర్‌ని రేకుల షెడ్డులోంచి బయటికి లాగాడు. 1972 నాటిది, మార్క్ టూ. దాన్ని బాగుచేస్తానన్నందుకు వాణ్ణి మెచ్చుకున్నాను. పాతసామాన్లవాడికి అమ్మెయ్యమన్నవాళ్ళ నోళ్ళు మూయించాను కూడా. తీరా చూస్తే వాడి ఉద్దేశం బాగుచేయడం కాదట. "దీన్ని మజిల్ కార్ లెక్క చేస్త అత్తమ్మా! కింద మొత్తం పర్ఫార్మెన్స్ సస్పెన్షన్ కస్టమ్‌గా కట్టిస్త" అన్నాడు.

మజిల్ కారంటే కండల కారు. అమెరికాలో 1964లో పాంటియాక్ జీటీవోతో ఆ మోజు మొదలైందంటారు. మామూలు సైజు కార్లో పెద్ద ఇంజను పెట్టి తిన్నని రోడ్డు మీద బాణంలా వదలడం. 1969 నాటి డాడ్జ్ ఛార్జర్‌లో పెద్ద ఇంజను ఏడు లీటర్లది, 425 గుర్రాల శక్తి. మన అంబాసిడర్‌ది 1489 సీసీ, యాభై చిల్లర గుర్రాలు. అవీ ఇప్పుడు ముసలి గుర్రాలు.

తమాషా ఏమిటంటే నడుం కింద ఈ రెండూ ఒకే కులం. ఛార్జర్‌కి ముందు టార్షన్ బార్లు, వెనక కమాన్ కట్టలు. అంబాసిడర్‌కీ అంతే. టార్షన్ బార్ అంటే కంగారు పడకండి. తడి చీర చెరో కొసా పట్టుకుని పిండుతాం చూడండి, వదిలితే అది మళ్ళీ విప్పుకోవాలని చూస్తుంది. ఆ చీర స్థానంలో ఉక్కు కడ్డీ ఉందనుకోండి, అదే. మరి కమాన్ కట్టలంటారా, మన హైవే మీద ఏ లారీ కిందకి వంగి చూసినా కనిపిస్తాయి.

అమెరికావాళ్ళు ఆ కార్లకి కింద కొత్త ఏర్పాట్లు చేసుకున్నారంటే దానికి కారణముంది. అంత బలం ఒక్కసారిగా వెనక చక్రాల మీద పడితే కమాన్ పట్టీలు మెలితిరిగి చక్రాలు ఎగిరెగిరి పడతాయి. తిన్నగా పరిగెత్తే ఆ కారు మలుపుల్లో ఒరిగిపోతుంది. అందుకని పట్టీలు మెలితిరక్కుండా కడ్డీలు, బిరుసు స్ప్రింగులు, మంచి షాకబ్జర్వర్లు. ఆ రోగానికది మందు. యాభై గుర్రాలవాడు 425 గుర్రాలవాడి మందు మింగడమేమిటి?

"అట్ల కాదత్తమ్మా, గట్టి స్ప్రింగులుంటే బండి రోడ్డుకి అతుక్కుంటది" అంటాడు వాడు. అద్దంలాంటి రోడ్డు మీదయితే అతుక్కుంటుంది, కాదనను. మా విజయవాడ రోడ్డుంది చూశారూ, ఒకప్పుడు తొమ్మిదో నంబరు, ఇప్పుడు అరవై అయిదు, 2012లో నాలుగు వరసలైంది. దాని మీద సూర్యాపేట నుంచి కోదాడ దాకా వాడి మాట చెల్లుతుందనే అనుకుందాం. కానీ బతుకంతా హైవే మీద గడవదు కదా! కోదాడ దగ్గర దిగి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్ళండి. ఓ పక్క సిమెంటు లారీలు, ఇంకో పక్క రైసుమిల్లులకి పోయే వడ్ల లారీలు. ఆ బరువుకి రోడ్డు ఎక్కడెక్కడ కుంగుతుందో చెప్పలేం. అలాంటిచోట బిరుసు స్ప్రింగున్న చక్రం గుంతలోకి దిగదు, గట్టెక్కినప్పుడు నేల వదిలేసి గాల్లోకి లేస్తుంది. గాల్లో ఉన్న చక్రానికి బ్రేకెక్కడిది, పట్టెక్కడిది? గతుకుల దారుల్లో పందేలాడే ర్యాలీ కార్లకి స్ప్రింగులు మెత్తగా, కిందికీ పైకీ బాగా ఆడేలా పెట్టుకునేది ఇందుకే. అంటే వాడు పదేపదే చెప్పే పర్ఫార్మెన్సు లెక్కనే చూసినా వాడి లెక్క తప్పే.

పైగా బండిని రెండంగుళాలు కిందికి దించుతాడట! స్పీడు బ్రేకరుకి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక కొలత రాసిపెట్టింది. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు, గంటకి 25 కిలోమీటర్ల వేగంతో దాటేలా. ఆ కొలతకి కట్టిన స్పీడు బ్రేకరు మీ వీధిలో ఉంటే నాకు ఉత్తరం రాయండి, వచ్చి చూసిపోతాను. మా వైపు ఎవరి ఇంటిముందు వాళ్ళు పోసుకున్న సిమెంటు దిమ్మెలే ఎక్కువ.

'కస్టమ్' అన్న మాటకి నేను వ్యతిరేకినేం కాదు. ఆ మాటకొస్తే అది మన మాటే. కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టు కస్టమ్ కాక మరేమిటి? దర్జీ ముందు టేపు తీస్తాడు. చంక దగ్గర బిగువు ఎంత, చెయ్యి ఎత్తితే పట్టేస్తుందా అని అడుగుతాడు. ఆ తర్వాతే కత్తెర పడుతుంది. మావాడు మాత్రం ఎక్కడో ఉన్న కిట్టు ఫోటో చూసి డబ్బు కట్టడానికి సిద్ధమయ్యాడు. ఆ కిట్టు అమ్మేవాడు ఈ కార్లో ఎంతమంది కూర్చుంటారనిగానీ, ఏ దారిన పోతారనిగానీ ఒక్క ముక్క అడగలేదు. ఎవరి కొలతలకో కుట్టిన జాకెట్టు మనం తొడుక్కోవాలన్నమాట!

సూర్యాపేటలో లారీల కమాన్ కట్టలు చేసే మేస్త్రీ దగ్గరికి వాణ్ణి నేనే తీసుకెళ్ళాను. ఆయన కారు కింద దూరకముందే అడిగిన మాట ఇది: "ఏం లోడేస్తరు? ఏ రోడ్డు మీద తిరుగుతరు?" చదువుకున్న మావాడికి తోచని ప్రశ్న. ఆయన చెప్పిందాన్ని బట్టి, పట్టీల సంఖ్య పెరిగితే ఆ లెక్కనే బలం పెరుగుతుంది. మందం సంగతి అలా కాదు. పట్టీ మందం రెట్టింపు చేస్తే బిరుసు ఎనిమిది రెట్లవుతుంది. ఈ ఎనిమిది లెక్క పుస్తకంలోదే, ఆయన మాత్రం సుత్తి దెబ్బలో తెలుసుకున్నాడు. బరువుకని అదనపు పట్టీలు వేసిన లారీ ఖాళీగా తిరిగొస్తున్నప్పుడు చూడండి, ఎలా ఎగిరెగిరి పడుతుందో! లోపలున్న క్లీనరు కుర్రాడి వెన్నుపూసకి తెలుస్తుంది ఆ స్ప్రింగు గట్టిదనం. మావాడు లక్షలు పోసి చేయించుకోబోతున్నది ఆ ఖాళీ లారీ కుదుపే.

ఇదంతా పల్లెటూరి తెలివి అని కొట్టిపారేస్తారేమో. 1930లలో అమెరికాలో కాడిలాక్ కంపెనీవాళ్ళకి కారు కుదుపు పట్టుకుంది. రోల్స్‌రాయిస్ నుంచి వచ్చిన మారిస్ ఆలీ అనే ఇంజనీరు ఏం చేశాడంటే, ఒక పెద్ద కారుకి అటూ ఇటూ మార్చుకోగల బరువులు తగిలించి, మనుషుల్ని ఎక్కించి తిప్పి, మీకెలా ఉందని అడిగాడు. ముందు స్ప్రింగుల ఊపు నెమ్మదిగా, వెనకవి కాస్త చురుగ్గా ఉంటే కారు ముందుకీ వెనక్కీ తూగడం తొందరగా సర్దుకుంటుందని ఆయన తేల్చాడు. అంత గొప్ప కంపెనీకి కూడా కూర్చున్నవాళ్ళని అడగక తప్పలేదన్నమాట. మనింట్లో మనల్ని అడగడానికేం నామోషీ?

చట్టం సంగతి కూడా వాడి చెవిన వేశాను. కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెప్తోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే గట్టిగా అంది. యాభై ఏళ్ళు దాటిన బండ్లకి 2021 నిబంధనల ప్రకారం 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరిస్తారు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉంటేనే. కిట్టు బిగించడానికి ఛాసిస్ కోసి వెల్డింగు చేశాడనుకోండి, తాతగారి కారుకి ఆ గౌరవం కూడా దక్కదు. అంబాసిడర్ల తయారీ ఆగిపోయిందే 2014లో. ఇంకోటి కొనుక్కొచ్చుకుందామన్నా కొత్తది లేదు.

మా ఆయన వాడివైపే. "కుర్రాడి సరదా, పోనీయరాదా" అంటారు. సరదా అయితే నేనూ ఏమీ అనకపోదును. వాడి అక్క మిర్యాలగూడలో ఉంది. ఏడో నెల. మనవరాల్ని పురిటికి తాతగారి కార్లోనే తీసుకురావాలని మా ఆడబిడ్డ అత్తగారు పట్టుబట్టి కూర్చున్నారు. ఆ పిల్ల కూర్చునేది వెనక సీట్లో, ఆ బిరుసు పట్టీల మీద. ఇలాంటి ఘట్టాల్లో ఆడపిల్ల కుదుపుల్ని "ఓర్చుకోవాలి" అంటారు చూడండి, ఆ మాట ఎన్ని తరాలుగా వింటున్నామో! స్ప్రింగు చెయ్యాల్సిన పని నడుం చేత చేయించడాన్ని ఓర్పు అనడం నాకు నచ్చదు.

అందుకని బేరం పెట్టాను. అరిగిన బుష్షులు మార్చు, షాకిల్ పిన్నులు మార్చు, కుంగిన కమాన్లు మేస్త్రీ చేత మళ్ళీ వంపుకి తెప్పించు, మంచి షాకబ్జర్వర్లు వేయించు. వీటన్నిటికీ నేనూ ఓ చెయ్యి వేస్తాను. పుస్తకం డబ్బులొచ్చాయి. మందం పట్టీలూ, రెండంగుళాల దించుడూ మాత్రం కుదరదు. పని పూర్తయ్యాక మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల దాకా ముందు వాడు వెనక సీట్లో కూర్చోవాలి, ఒళ్ళో మూతలేని మజ్జిగ గిన్నెతో. నడిపేది నేను.

"నువ్వు కావాల్నని గుంతల్ల దింపుతవ్ అత్తమ్మా" అంటున్నాడు.