వీధి మొదట నడిచేవారిది

బాగుపడిన యెరూషలేము ఎలా ఉంటుందో చెబుతూ జెకర్యా ప్రవక్త రెండు గుర్తులు ఇచ్చాడు. చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్ళు వీధుల్లో కూర్చుని ఉంటారు. ఆ వీధుల నిండా పిల్లలు ఆడుకుంటూ ఉంటారు (8వ అధ్యాయం). ఈ కొలతతో తిరువళ్ళూరు, తిరుత్తణిలో మన వీధుల్ని ఒకసారి చూద్దాం.

పాత ఇళ్ళకు ఇంకా అరుగులు ఉన్నాయి. కానీ అరుగు దిగి అడుగు వేస్తే బైకు. పక్కకు తప్పుకుందామంటే మూతలేని కాలువ. ఉన్న కాస్త జాగాలో ఎవరిదో కారు. ఇవి చెన్నై–తిరుపతి దారిలో ఉన్న ఊళ్ళు. పెద్దరోడ్డు మీద రద్దీ ఎక్కువైతే బండ్లు ఇళ్ళ మధ్య వీధుల్లోకి మళ్ళుతాయి. అప్పుడు ఇంటి ముందే పిల్లల్ని చెయ్యి పట్టుకుని దాటించాల్సి వస్తుంది.

ఇది చిన్న ఇబ్బంది కాదు. కేంద్ర ప్రభుత్వ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది నడిచి వెళ్తున్నవారు. ఎవరు వీళ్ళు? తెల్లవారకముందే రైలుకు పరుగెత్తే కూలీలు, వీధులు ఊడ్చే కార్మికులు, బడికి వెళ్ళే పిల్లలు. బండి లేనివాడి ప్రాణానికి రోడ్డు మీద విలువ తక్కువైతే అది అన్యాయమే.

మార్పు సాధ్యమేనా? ఆడికృత్తికకు కావళ్ళు మోస్తూ జనం తిరుత్తణి కొండకు నడిచి వస్తారు. ఆ రోజుల్లో బండ్లను మళ్ళించి నడిచేవారికి దారి ఇస్తారు. పండుగకు చేయగలిగింది, ఇళ్ళ మధ్య వీధుల్లో ప్రతిరోజూ ఎందుకు చేయలేం?

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఇళ్ళ వీధుల్ని ఇలా మార్చుకున్నారు. 1976లో ఆ దేశం దానికి చట్టపరమైన గుర్తింపు ఇచ్చింది. అలాంటి వీధిలో పిల్లలు ఆడుకోవచ్చు, కారు మాత్రం మనిషి నడక వేగంతో వెళ్ళాలి. మన పక్కనే చెన్నై కార్పొరేషన్ 2014లో నడకకూ సైకిలుకూ ముందు చోటిచ్చే విధానాన్ని ఆమోదించింది. 2019లో పాండీ బజారులో వెడల్పైన నడకదారి తెరిచారు. 2025 మేలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పింది. హక్కు పాండీ బజారుకు ఒకటి, మన కాలనీకి ఒకటి ఉండదు.

మనం అడగాల్సినవి పెద్ద ఖర్చు పనులు కావు. కాలువల మీద గట్టి మూతలు వేస్తే అదే నడకదారి అవుతుంది. మలుపుల్లో రోడ్డును సన్నగా చేస్తే, బడి ముందు దాటే చోటును ఎత్తు చేస్తే బండి దానంతటదే నెమ్మదిస్తుంది. వేగం 30 కిలోమీటర్లు దాటకూడదు. 50 మీద వచ్చే బండి గుద్దుడు బలం 30 మీద వచ్చేదానికి దాదాపు మూడింతలు. అంత దెబ్బకు ముసలి ప్రాణం తట్టుకోలేదు.

యువతీ యువకులారా, ఒక సాయంత్రం మీ వీధి చివరి నుంచి చివరి దాకా ఒక అవ్వతో కలిసి నడవండి. ఆమె ఎక్కడెక్కడ ఆగిందో రాసుకోండి. అదే మీ అర్జీ. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా అర్జీ తమిళంలో రాసి వార్డు కౌన్సిలర్‌కు, మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వండి. కదలిక లేకపోతే సోమవారం అర్జీల రోజున కలెక్టరాఫీసుకు వెళ్ళండి.

అంతకంటే ముందు ఒక పని మన చేతుల్లోనే ఉంది. ఆదివారం ఆరాధన జరిగినంతసేపు మన మందిరం ముందు బండ్లు ఎవరి దారికి అడ్డంగా నిలబడుతున్నాయి? పొరుగువాని గురించి లోపల ప్రసంగం వింటూ, బయట అతని దారి మూసేస్తున్నాం. వచ్చే ఆదివారం ఆ దారి తెరుద్దాం. దగ్గరివాళ్ళం నడిచే వెళ్దాం.