యంత్రం రాకముందే అడగాలి

ఫెల్లర్ బంచర్ అనే యంత్రం గురించి మన సమావేశాల్లో మాట్లాడుకున్నది తక్కువ. అమెరికా, కెనడా అడవుల్లో దాన్ని విస్తారంగా వాడతారు. అది ఇనుప చేతులతో మానును పట్టుకుని మొదలు దగ్గర కోస్తుంది. కోసిన చెట్టును పడిపోనివ్వకుండా పట్టుకునే మరికొన్ని కోసి, అన్నిటినీ మోపులా పక్కన పెడుతుంది. చెట్టుకు నిమిషం కూడా పట్టదు. నడిపే మనిషి మూసి ఉన్న క్యాబిన్‌లో కూర్చుంటాడు.

దీనివల్ల చెట్లు మీదపడి కూలీలు చనిపోయే ప్రమాదం తగ్గింది. అది చిన్న విషయం కాదు. అందుకే యంత్రమే మన శత్రువని నేను అనను. సామాజికశాస్త్ర పరిశోధకురాలిగా నా ప్రశ్న వేరు. ఇంత వేగంలో, వద్దని చెప్పే స్త్రీకి వ్యవధి ఎక్కడుంది?

1974 మార్చి 26న, మగవాళ్లు ఊళ్లో లేని రోజున, హిమాలయాల్లోని రేణీ గ్రామంలో గౌరాదేవి, ఆమె తోటి స్త్రీలు చెట్లు నరకడానికి వచ్చినవాళ్లను వెనక్కి పంపారు. వాళ్ల ధైర్యం గురించి ఎంతో రాసుకున్నాం. అయితే వాళ్లకు ఎదురుగా ఉన్నది మనుషులు. మనిషితో వాదించవచ్చు, బతిమాలవచ్చు, రాత్రంతా కాపలా కాయవచ్చు.

2025 మార్చి 30న హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలోకి వచ్చినవి బుల్డోజర్ల వంటి భారీ యంత్రాలు. విద్యార్థినులు, విద్యార్థులు ఎదిరించారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికే సుమారు 100 ఎకరాల పచ్చదనం పోయింది. నగరంలో, చదువుకున్నవాళ్ల మధ్య జరిగింది ఇది. ఏజెన్సీ గూడెంలో కట్టెలు, ఆకులు, గింజలు ఏరుకుని బతికే స్త్రీకి నాలుగు రోజుల్లో సుప్రీంకోర్టు అందుతుందా?

అందుకే ఆమె మాట యంత్రం రాకముందే లెక్కకు రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం, సభకు హాజరైనవారిలో కనీసం మూడో వంతు స్త్రీలుండాలి. ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు వేయిస్తే అది సభ అవదు. గూడేల్లో పనిచేస్తున్న మనం తీర్మానం కాగితం చూసి తృప్తిపడకూడదు. సభ ఎప్పుడు జరిగింది, ఎవరు వచ్చారు, ఏ స్త్రీ ఏం మాట్లాడిందని అడగాలి. ఆ జవాబులు లేని తీర్మానాన్ని అంగీకారంగా మనం ఒప్పుకోకూడదు.