ఊరి జట్టు

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో విలీనమైంది. పాలన మారింది, పలువురి కొలువులు పోయాయి, ఇరుగుపొరుగుల నడుమ అనుమానం పొడసూపింది. అటువంటి రోజులలో నగరవాసులు కలిసి 'మనది' అనుకోగలిగినవి బహు కొద్ది. వానిలో ఒకటి సిటీ పోలీసుల ఫుట్‌బాల్ జట్టు.

వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పును గెలిచింది. బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు కైవసం చేసుకొన్నది.

కప్పు కూడు పెట్టదు, నిజమే. పోయిన కొలువును తిరిగి ఇప్పించదు. అయినను క్రుంగిన మనస్సుకు ముందుగా కావలసినది తలయెత్తుకొనే సందర్భం. గోల్ కొట్టినవాడు తమ ఊరి పోలీసు జవానే అయినపుడు ఆ ఘనతలో వీథి వీథికీ వాటా దక్కుతుంది. ఆటగాళ్లను వేలంలో కొని ఊరి పేరు తగిలించుకొనే నేటి జట్లకు ఆ చుట్టరికం అబ్బడం సందేహమే.

నాటి హైదరాబాదు మైదానాలలో ఆట నేర్చినవారు పలువురు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందిన భారత జట్టులో ఉన్నారు. దానికీ శిక్షకుడు రహీమే.