కిరణ్‌కి తోక దేనికి?

మా అల్వాల్‌లో పక్కింటివారు బారసాలనాడు మనవరాలికి 'కిరణ్' అని పేరు పెట్టబోతే, పేరంటాళ్లంతా "అది మగపేరమ్మా, కిరణ్మయి అనండి" అని పట్టుబట్టారు. నాకు ఒళ్లు మండింది.

కిరణమంటే వెలుగురేఖ. వెలుగుకి ఆడా మగా ఏమిటండీ? అబ్బాయైతే 'కుమార్', అమ్మాయైతే 'మయి' తోక తగిలించందే మనవాళ్లకి తోచదు. అమృత్‌సర్‌లో పుట్టిన కిరణ్ బేడీ ఏ తోకా లేకుండానే 1972లో తొలి మహిళా ఐ.పి.ఎస్. అధికారి అయ్యారు.

సీతారామయ్యలూ లక్ష్మీనారాయణలూ అమ్మవారి పేరు ముందు పెట్టుకుని దర్జాగా తిరుగుతుంటే ఎవరూ నవ్వరే! ఆడపిల్ల దగ్గరికొచ్చేసరికే ఈ పట్టింపులన్నీ.

"రేపు ఆఫీసుల్లో 'శ్రీ' అని రాసేస్తారేమో" అంటారా? రాస్తే దిద్దుకోవలసింది గుమాస్తా గాని, పిల్ల కాదు.